నోరు తెరిస్తే ఒప్పుకున్నట్టే

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు ఇంటి ఓనరు పన్నుకి రూట్ కెనాల్ పూర్తి చెయ్యాలి. ఆయన కుర్చీలో ఉండగానే క్లినిక్ అద్దె ఒప్పందం ఇంకో ఐదేళ్ళు పొడిగించమని అడగాలి. అదే ఊపులో, బయట తన కొత్త కరెంటు కారుకి ఛార్జింగ్ పాయింటు పెట్టుకోవడానికి అనుమతి కూడా పుచ్చుకోవాలి. ఆ తర్వాత ఎదురుగా ఉన్న టైలరు కొట్టుకి వెళ్ళి, పెద్ద టీవీలో మన దేశం నౌక చంద్రుడి మీద దిగుతుంటే వీధివాళ్ళందరికీ దగ్గరుండి వివరించాలి. ఈ నాలుగు పనుల్లో మొదటి మూడూ చివరిదానికి అడ్డం రాకుండా చూసుకోవాలన్నది ఒక్కటే ఆయన బెంగ.

ఆయన భార్య బెంగ వేరు. క్లినిక్ ముందు గదిలో కూర్చుని రోగులని లోపలికి పంపేది ఆవిడే. ఆ చోటు తనకి కావాలని ఫోన్ల కొట్టువాడు ఓనరు చుట్టూ తిరుగుతున్నాడని ఆవిడకి తెలుసు. "నా పన్ను సంగతి తేలాక ఎవరికిచ్చేదీ చెబుతాను" అని ఓనరు అన్నట్టు కూడా చెవిన పడింది. పెళ్ళయిన ఏడాది ఇద్దరూ కలిసి గోడలకి రంగులేసుకుని తెరిచిన క్లినిక్ అది. ఇప్పుడు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతారు? కొత్త చోట కొత్త పళ్ళు వెతుక్కుంటూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక ఆవిడకి లేదు.

"ఏవండీ, ఒక్కటే మాట చెబుతాను, వినండి. ఇవాళ ఆయన చేత మీరు నోరు తెరిపించండి. మీరు మాత్రం మూసుకోండి" అంది.

"నేనేం మాట్లాడతానే?"

"పోయినసారి ఆయన వచ్చినప్పుడు లారీలన్నీ మ్యూజియంలో పెట్టాలన్నారు. ఆయన జీవితమంతా లారీల విడిభాగాలు అమ్మినాయన."

"అవును, ఆయన కూడా ఒప్పుకున్నాడు!"

"ఆయన నోట్లో అద్దం ఉందండీ అప్పుడు."

ఇక్కడ డాక్టరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన చేతి నేర్పు గురించి వీధిలో రెండో మాట లేదు. పన్ను పీకించుకున్నవాడు, పీకేశారా అని అడగవలసిందే. చిక్కంతా ఆయన అభిప్రాయాలతో వచ్చింది. అంతరిక్షం గురించీ, పొరుగు దేశం గురించీ, రాబోయే కార్ల గురించీ ఆయనకి గట్టి అభిప్రాయాలున్నాయి. లోకంలో ఇంకెవరైనా వాదనలో గెలవాలంటే అవతలివాణ్ణి ఒప్పించాలి. పళ్ళ డాక్టరుకి ఆ శ్రమ లేదు. అవతలివాడు నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకుని ఉంటాడు. వాడు "ఆఁ" అంటే ఒప్పుకున్నట్టు. "ఆఁ, ఆఁ" అంటే మెచ్చుకున్నట్టు. కళ్ళు పెద్దవి చేశాడంటే ఇంత వివరంగా ఇంతవరకూ తనకెవరూ చెప్పలేదని అర్థం. నొప్పి పుడితే చెయ్యెత్తమని అందరికీ ముందే చెబుతాడు గానీ, తను మత్తు ఇచ్చాక నొప్పి ఎక్కడినుంచి వస్తుంది? అందుచేత మత్తు తర్వాత ఎత్తిన చెయ్యి ఓటు కింద లెక్క. ఇలా ఇన్నేళ్ళలో ఆయన ఒక్క వాదన కూడా ఓడిపోలేదు.

ఓనరు వచ్చాడు. కుర్చీలో పడుకున్నాడు. మత్తు సూది పడింది, చిగుళ్ళ పక్కన దూది పడింది, ఉమ్మి లాగే గొట్టం పెదవి చివర వేలాడింది. డాక్టరు భార్య మాట తలుచుకుని కాసేపు నిజంగానే ఉగ్గబట్టుకున్నాడు. పాపం, ఆ కాసేపూ ఆయనకి చాలా పొడుగ్గా గడిచింది.

"ఇవాళ మన నౌక దిగుతోంది, చూస్తున్నారుగా?" అన్నాడు చివరికి. అది అభిప్రాయం కాదు, వార్తే కదా అనుకున్నాడు.

"ఆఁ" అన్నాడు ఓనరు.

"ముందు మన రోడ్ల గుంటలు పూడ్చుకుని తర్వాత చంద్రుడి మీదకి వెళ్ళమంటారు కొందరు. నేను ఒప్పుకోను. చంద్రుడి మీద గుంటలు చూసొచ్చినవాళ్ళకి మన వీధి గుంట ఒక లెక్కా? అదలా ఉంచండి. పొరుగు దేశంవాళ్ళు మనకన్నా ముందే బయల్దేరారు. ఏం లాభం? దిగడం చేతకాక చంద్రుడి చుట్టూ తిరుగుతున్నారు, పార్కింగ్ దొరకని కారులాగా!"

"ఆఁ... ఆఁ..."

"చూశారా, మీకూ నవ్వొచ్చింది. ఇక కార్ల సంగతంటారా, డీజిలు పని అయిపోయిందండీ. నా కారు చూడండి, పొగ లేదు, చప్పుడు లేదు. కావాలంటే అందులోంచి కరెంటు బయటికి తీసి ఇంట్లో దీపాలు కూడా వెలిగించుకోవచ్చు. మీ లారీ ఆ పని చెయ్యగలదా?"

ఓనరు కళ్ళు పెద్దవయ్యాయి. డాక్టరుకి హుషారు రెట్టింపయింది. అసలు సంగతి కదపడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదనుకున్నాడు.

"మన ఒప్పందం ఇంకో ఐదేళ్ళు పొడిగిద్దామండీ."

"ఆఁ."

"సంతోషం! ఇంకో చిన్న మాట. బయట పక్క గోడకి ఛార్జింగ్ పాయింటు పెట్టుకుంటాను. మా బావమరిది ఎలక్ట్రీషియనే, డ్రిల్లు పట్టుకుని కిటికీ అవతలే నిలబడ్డాడు. ఒక రంధ్రం వేస్తే చాలు. మీకేం అభ్యంతరం లేదుగా?"

ఓనరు ఒక చెయ్యి ఎత్తాడు. తర్వాత రెండో చెయ్యీ ఎత్తాడు. నడుము మీద లేవబోయాడు. గొంతులోంచి ఆపకుండా "ఆఁ ఆఁ ఆఁ" అన్నాడు.

"రెండు చేతులా! ఇంత సంతోషిస్తారని తెలిస్తే ఎప్పుడో అడిగేవాణ్ణి కదండీ" అని డాక్టరు ఆయన భుజం నెమ్మదిగా నొక్కి వెనక్కి పడుకోబెట్టాడు. వెనక పన్ను సరిగ్గా కనబడటానికి కుర్చీని ఇంకొంచెం వంచుతూ కిటికీ వైపు తిరిగి, "ఏవోయ్ బావమరిదీ, ఓనరు గారు సరేనన్నారు, కానియ్!" అని కేకేశాడు.

డ్రిల్లు గుర్రుమంది. వెంటనే బయట ఫట్‌మని పెద్ద మోత, కిటికీలో ఒక మెరుపు. దీపాలు పోయాయి. డాక్టరు చేతిలో పరికరం ఆగింది. కుర్చీ కూడా వంగుతూ వంగుతూ అక్కడే ఆగిపోయింది. ఓనరు తల కిందికీ కాళ్ళు పైకీ ఉన్నాయి.

"కరెంటు పోయిందండీ. ఒక్క నిమిషం, నోరు అలాగే తెరిచి ఉంచండి" అని చెప్పి డాక్టరు బయటికి నడిచాడు.

వీధిలో గోలగోలగా ఉంది. ఆ వరసలో ఉన్న కొట్లన్నిటికీ, ఎదురుగా టైలరు కొట్టుకీ కూడా కరెంటు పోయింది. టీవీ ముందు చేరిన జనమంతా రోడ్డు మీదకి వచ్చారు. "దిగడానికి ఇంకెంతో సేపు లేదన్నాడండీ, అంతలో నల్లగా అయిపోయింది" అంటున్నాడు టైలరు, ఏడుపు ఒక్కటే తక్కువగా. పక్కనే మంగలి, అతని వెనకే సగం తల గీయించుకుని మెడకి గుడ్డ కట్టుకున్న ఒకాయన. అంతమంది తలలు తన వైపు తిరగడం చూడగానే డాక్టరుకి మెట్ల మీదే కాళ్ళు నిలిచిపోయాయి.

"ఆలోచించండి" అన్నాడు గొంతు పెంచి. "సరిగ్గా మన నౌక దిగే ముందే కరెంటు ఎందుకు పోవాలి? దీనివల్ల ఎవరికి లాభం?"

"ఎవరికండీ?" అన్నాడు టైలరు.

"చుట్టూ తిరుగుతూ దిగలేకపోయినవాళ్ళకి! పొరుగు దేశంవాళ్ళ పనే ఇది!"

"పక్క వీధిలో కరెంటు ఉందండీ, డాక్టరు గారూ" అన్నాడు మంగలి.

"అదే మరి! వాళ్ళ తెలివంతా అక్కడే ఉంది. ఊరంతా తీసేస్తే అందరికీ అనుమానం రాదూ?"

"మన వీధే ఎందుకండీ?"

"మన వీధిలో ఆలోచించేవాళ్ళున్నారు గనక."

ఈ మాట వీధివాళ్ళకి బాగా నచ్చింది. వాళ్ళ గురించి అంత మంచి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. ఇంతలో మొహమంతా మసి పూసుకుని, జుట్టు లేచి నిలబడి, బావమరిది గోడ పక్కనుంచి తొంగిచూశాడు.

"బావా, ఒక్క మాట."

"ఆగవోయ్! ఇక్కడ దేశం సంగతి మాట్లాడుతుంటే నీ రంధ్రం గొడవేమిటి?"

"ఆ రంధ్రం గురించే బావా."

"తర్వాత!" అని కసిరి డాక్టరు మళ్ళీ జనం వైపు తిరిగాడు. పౌరుషం ఉన్నవాళ్ళెవరూ ఇక ఆ దేశం వస్తువు ముట్టుకోకూడదన్నాడు. మంగలి ఆవేశం పట్టలేక, "ఈ మిషను వాళ్ళదే, ఇక ముట్టుకుంటే ఒట్టు!" అని చేతిలో క్లిప్పరు ఎత్తి చూపించాడు. "అది మానెయ్, నేను వద్దననుగానీ, ముందు నా మిగతా సగం సంగతి చూడు" అన్నాడు సగం తలాయన. ఎవరూ పట్టించుకోలేదు. అంతా చప్పట్లు కొట్టారు. డాక్టరు గాల్లో తేలిపోయాడు.

చప్పట్లు ఆగాక టైలరు నెమ్మదిగా అడిగాడు.

"డాక్టరు గారూ, మరి మీ కారు?"

"కారుకేం?"

"నా దవడ పన్ను పీకేటప్పుడు మీరే చెప్పారండీ. కారూ వాళ్ళదే, బ్యాటరీ అంతకన్నా వాళ్ళదే, ఆ విద్యలో వాళ్ళని మించినవాడు లేడని. నేను అప్పుడే ఏదో అందామనుకున్నాను. నోట్లో మీ చెయ్యి ఉంది."

"నాకూ చెప్పారు" అన్నాడు మంగలి. "నాకూ" అన్నారు వెనకనుంచి ఇంకో ఇద్దరు. వీధిలో డాక్టరు అభిప్రాయాలు వినని నోరు లేదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క పన్ను దగ్గర చెప్పినవన్నీ ఇప్పుడు ఒకేచోట పోగయ్యాయి.

"అది వేరు..." అన్నాడు డాక్టరు. "వస్తువు వాళ్ళదైనా, కొనాలన్న ఆలోచన మనది."

ఆయనకే ఆ మాట అంతగా నచ్చలేదు. జనానికి అసలు నచ్చలేదు. "వీధిలోంచి బయటికి తోసేద్దాం!" అని ఎవరో అన్నారు. నలుగురు చొక్కా చేతులు మడిచి కారు వైపు కదిలారు. కారు డాక్టరుకి ప్రాణం. పొద్దున్నే దాన్ని తుడవనిదే ఆయన మొహం కడుక్కోడు. "ఆగండి, ఆగండి" అంటూ వెళ్ళి దానికి అడ్డంగా నిలబడ్డాడుగానీ, ఇందాకటి గొంతు ఇప్పుడు లేదు.

అప్పుడు ఆయన భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుని లాక్కుంటూ వచ్చి అందరి మధ్యా నిలబెట్టింది.

"ఇదిగో మీ పొరుగు దేశం గూఢచారి. ఏం చేశావో చెప్పరా."

బావమరిది మసి మొహం తుడుచుకున్నాడు. తుడిచిన మేరకి ఇంకొంచెం పాకింది. "గోడలో మెయిన్ వైరు ఉందక్కా. వరసకంతటికీ, ఎదురుగా టైలరు కొట్టుకీ కరెంటు అందులోంచే వెళ్తోంది. పైకి ఏమీ కనబడదు, లోపల పూడ్చేశారు. డ్రిల్లు సరాసరి దాన్లోకే దిగింది. చేతులకి రబ్బరు తొడుగులున్నాయి కాబట్టి ఇలా నిలబడ్డాను. బావే కానియ్యమన్నాడు."

జనం మళ్ళీ డాక్టరు వైపు తిరిగారు.

"ఓనరు గారు ఒప్పుకున్నారు!" అన్నాడు డాక్టరు. "రెండు చేతులూ ఎత్తి మరీ ఒప్పుకున్నారు!"

"ఆయన ఎక్కడ ఇప్పుడు?" అంది భార్య.

డాక్టరు లోపలికి పరుగెత్తాడు, వెనకే భార్యా బావమరిదీ.

ఓనరు పెట్టినచోటే ఉన్నాడు. కాళ్ళు కప్పు వైపు, తల నేల వైపు. నోరు చెప్పినట్టే తెరిచి ఉంచాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఒక చెయ్యి మాత్రం పక్క గోడకేసి చాచి ఉంది. ఆ గోడ కట్టించింది ఆయన. వైర్లు వేలాడుతుంటే చూడ్డానికి బాగుండదని గోడ లోపల దాయించిందీ ఆయనే. ఆ చేతిని చూశాక, తను ఇన్నేళ్ళూ విన్న "ఆఁ"లన్నీ డాక్టరు చెవుల్లో వరసగా గింగురుమన్నాయి. వాటిలో నిజంగా ఒప్పుకున్నవి ఎన్నో ఆయనకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఫోన్ల కొట్టువాడు ఈ గదిలో అద్దాల బీరువాలు సర్దుకుంటున్నట్టు కళ్ళకి కట్టింది. భార్య మొహం చూడలేకపోయాడు.

"పన్ను తెరిచి ఉంది. మత్తు దిగిపోతే ఆయన తట్టుకోలేరు. కుర్చీ లేవదు. కరెంటు ఎప్పుడొస్తుందోయ్?" అన్నాడు నీరసంగా.

"సాయంత్రం లోపల కష్టం బావా."

భార్య ఒక్క క్షణం ఆలోచించింది. "ఏవండీ, ఆ కారులోంచి కరెంటు బయటికి తియ్యొచ్చని కొన్నప్పటినుంచీ చెబుతున్నారు. చెప్పినప్పుడల్లా నేనూ 'ఆఁ' అన్నాను. ఇవాళ తీసి చూపించండి."

కారుని కిటికీ కిందికి తెచ్చారు. చివర మూడు ప్లగ్గులున్న పొడుగు వైరు ఒకటి లోపలికి లాగారు. డాక్టరు మీట నొక్కాడు. కుర్చీ చిన్నగా మూలిగి లేచింది. ఓనరు తల కాళ్ళకన్నా పైకి వచ్చింది. డాక్టరుకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

వైరు వెంటే వీధి కూడా లోపలికి వచ్చింది. "ఇంకో ప్లగ్గు ఖాళీగా ఉన్నట్టుందే" అన్నాడు టైలరు, ఎవరి వైపూ చూడకుండా. కాసేపట్లో పెద్ద టీవీ డాక్టరు మందుల బల్ల ఎక్కి కూర్చుంది. మంగలి గుమ్మం దగ్గర స్టూలు వేసి, మూడో ప్లగ్గులో క్లిప్పరు పెట్టి, ఒట్టు సంగతి ఎవరూ గుర్తు చెయ్యకముందే మిగతా సగం మొదలుపెట్టాడు. పొరుగు దేశం బ్యాటరీ మీద ఆ గదిలో ఇక ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

డాక్టరు పన్ను మీదకి వంగాడు. జీవితంలో మొదటిసారి, మాట్లాడకుండా పని చేశాడు.

టీవీలో నౌక దిగుతోంది. అంకెలు తగ్గుతున్నాయి. ఉన్నట్టుండి తెర మీద గీతలు వచ్చాయి. నౌక నుంచి సంకేతాలు ఆగిపోయాయన్నాడు వార్తలు చదివేవాడు. టైలరు దండం పెట్టుకున్నాడు. క్లిప్పరు ఆగింది. డాక్టరు చెయ్యి మాత్రం ఆగలేదు. తర్వాత తెర మీద మళ్ళీ అంకెలు కదిలాయి, మన నౌక దిగింది, క్షేమంగా ఉందని వార్త వచ్చింది. అరుపులకి కిటికీ అద్దాలు అదిరాయి. సగం తలాయన లేచి గంతులేశాడు. ఆ సందడిలోనే చదివేవాడు ఇంకో మాట చెప్పాడు. నేరుగా అందని సంకేతాలని చంద్రుడి చుట్టూ తిరుగుతున్న పొరుగు దేశం నౌక అందుకుని మనకి పంపిందట. మనవాళ్ళు వాళ్ళకి కృతజ్ఞతలు చెప్పారట.

అందరూ డాక్టరు వైపు చూశారు.

"ఆ పార్కింగ్ దొరకని కారేనాండీ?" అన్నాడు మంగలి.

"పన్ను మూస్తున్నాను, మాట్లాడించకండి" అన్నాడు డాక్టరు.

పని అయింది. ఓనరు లేచి కూర్చున్నాడు. నోట్లో దూది తీసి చూసుకున్నాడు, పుక్కిలించాడు, ఉమ్మాడు. డాక్టరు భార్య పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అమ్మా" అన్నాడు ఓనరు ఆవిడతో. మత్తు వల్ల మాట ఒక పక్కకి జారుతోందిగానీ అర్థమవుతోంది. "పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఒప్పందం పొడిగిద్దామనే వచ్చాను. రోడ్ల గుంటల దగ్గర ఒకసారి మనసు మార్చుకున్నాను. లారీల దగ్గర ఇంకోసారి. గోడ దగ్గర అసలు మనసే పోయింది."

డాక్టరు తల వంచుకున్నాడు.

"కానీ తలకిందులుగా వేలాడదీసినా ఆ పన్ను నన్ను ఒక్కసారి కూడా బాధపెట్టలేదు. ఆ చేతిని వదులుకుని ఫోన్లవాణ్ణి తెచ్చుకుంటే రేపు నా పళ్ళు ఎవరు చూస్తారు? చిక్కంతా నోటితోనే." ఆయన కుర్చీ దిగాడు. "డాక్టరు గారూ, ఒకసారి ఇందులో పడుకోండి."

"నేనా? ఎందుకండీ?"

"పడుకోండి" అంది భార్య.

డాక్టరు పడుకున్నాడు. ఓనరు సీసాలోంచి కొత్త దూది తీసి, చాలా శ్రద్ధగా, ఆయన రెండు బుగ్గల్లోనూ కుక్కాడు. బావమరిది సంతోషంగా మీట నొక్కి కుర్చీని వెనక్కి వంచాడు.

"ఇప్పుడు నావీ కొన్ని అభిప్రాయాలున్నాయి" అన్నాడు ఓనరు, చేతులు వెనక్కి కట్టుకుని. "మొదటిది, మీ కారు అంత దూరం ఏ లారీ మీద వచ్చిందనుకున్నారు?"

"ఆఁ..." అన్నాడు డాక్టరు.

"ఒప్పుకున్నారు. రెండోది, ఛార్జింగ్ పాయింటు వద్దని నేను అనలేదు. ఆ గోడ వద్దన్నాను. అవతలి గోడకి పెట్టుకోండి, వరసలో ఎవరు కారు కొనుక్కున్నా అక్కడే ఛార్జి చేసుకుంటారు. వైరింగ్ అంతా మీరే కొత్తగా వేయిస్తారు."

"ఆఁ! ఆఁ!"

"మెచ్చుకుంటున్నారు కూడా. మూడోది, మన నౌక దిగిన ప్రతిసారీ ఆ కారు కరెంటుతో, ఈ గదిలోనే, వీధి మొత్తానికి టీవీ. వివరించి చెప్పేది నేను."

డాక్టరు కళ్ళు పెద్దవి చేశాడు. నడుము మీద లేవబోయాడు. ఒక చెయ్యి ఎత్తాడు. తర్వాత రెండోదీ ఎత్తాడు.

"చూశావా అమ్మా, రెండు చేతులూ ఎత్తాడు" అని ఓనరు ఆయన భుజం నెమ్మదిగా నొక్కి వెనక్కి పడుకోబెట్టాడు. "ఇంత సంతోషిస్తాడని తెలిస్తే ఎప్పుడో అడిగేవాణ్ణి. ఐదేళ్ళు పొడిగించాను, పో."

భార్య నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. అలా తిరిగి నవ్వుతూ నవ్వుతూ కళ్ళు కూడా తుడుచుకుంది.

ఆ రోజు తన మాట ఒక్కడూ వినిపించుకోలేదని డాక్టరు ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు; కుర్చీలో పడుకున్నవాళ్ళందరూ నిజమేనని ఒప్పుకుంటారు.